బ్యాంగలోర్ టార్పెడో: నేలమీది ఆయుధానికి నౌకాదళపు పేరు

బెంగుళూరు నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి ఎటు వెళ్లినా సముద్రతీరం 250 కిలోమీటర్లకు పైమాటే. ఓడరేవు లేదు, ఓడలు నడిచే నదీ లేదు. అయినప్పటికీ ప్రపంచంలోని అనేక సైన్యాల పాఠ్యపుస్తకాలలో ఈ నగరం పేరు ఒక టార్పెడోకు ముందు చేరి నిలిచిపోయింది. దానినే 'బ్యాంగలోర్ టార్పెడో' అంటారు. 1912లో బెంగుళూరు దండులో, మద్రాసు శాపర్ల దళంలో పనిచేస్తున్న కెప్టెన్ ఆర్. ఎల్. మెక్‌లింటాక్ అనే ఇంజనీరు అధికారి దీనిని రూపొందించారు. ముళ్లతీగల కంచెలను దూరం నుండి పేల్చి, పదాతి సైనికులు నడవడానికి దారి ఏర్పరచడమే దీని పని.

ఈ ఆయుధం గురించి మన ప్రాంతంలో వ్యాపించిన పొరపాటు అభిప్రాయాలు రెండున్నాయి. పేరును బట్టి ఇది నౌకాదళానికి చెందినదనీ, ఓడలను ముంచేదనీ భావించడం మొదటిది. టిప్పు సుల్తాను కాలపు మైసూరు రాకెట్లకు ఇది వారసత్వమనుకోవడం రెండవది. రెండవదానికి ఆధారమేమీ లేదు. మైసూరు రాకెట్టు ఇనుప గొట్టంలో మందు కూరి, వెదురు కర్రకు కట్టి, ఆకాశమార్గాన శత్రువు మీదికి వదిలే అస్త్రం. బ్యాంగలోర్ టార్పెడో ఎక్కడికీ ఎగరదు, దానంతట అది కదలదు. మనిషి చేతులతో నెట్టుకొనిపోవలసిన గొట్టమది. రెండింటిలోనూ గొట్టమూ మందూ ఉన్నాయన్నదే పోలిక. మొదటి పొరపాటు మాత్రం కొంత విచారించదగినది. ఎందుకంటే ఆ పేరు నిజంగానే సముద్రం మీది నుండి వచ్చింది.

మాట పుట్టుక

'టార్పెడో' అనే లాటిన్ మాటకు తిమ్మిరి అని మూలార్థం. తాకినవారికి విద్యుత్తు వంటి అదురు కలిగించే ఒక జాతి చేపకు ఐరోపావారు ఆ పేరు పెట్టారు. పందొమ్మిదవ శతాబ్దంలో నౌకాయుద్ధ నిపుణులు ఆ మాటను నీటిలో దాచిన మందుపాతరలకు వాడసాగారు. ఆనాడు టార్పెడో అంటే స్వయంగా ఈదుకొనిపోయే ఆయుధం కాదు. శత్రువు కంటపడకుండా దాచిన ఏ పేలుడు పదార్థాన్నయినా ఆ పేరుతోనే పిలిచేవారు.

అమెరికా అంతర్యుద్ధ కాలంలో దీనికి మరో రూపం వచ్చింది. పొడవైన కొయ్య చివర మందుపెట్టె బిగించి, చిన్న పడవలో వెళ్లి, ఆ కొయ్యను శత్రునౌక అడుగుకు నెట్టి పేల్చేవారు. 1864 ఫిబ్రవరి 17న హన్లీ అనే జలాంతర్గామి హౌసటానిక్ అనే యుద్ధనౌకను ఈ పద్ధతిలోనే ముంచింది. తానూ తిరిగి రాలేదు. ఈ కొయ్య టార్పెడోను పాఠకులు గుర్తుంచుకోవాలి. పొడవైన దండం చివర పేలుడు మందు, దాన్ని అడ్డంకి కిందికి నెట్టే మనుషులు, పేలుడుకు అతి సమీపంలో వారి ప్రాణాలు. అర్ధశతాబ్దం తరువాత బెంగుళూరులో తయారైన వస్తువుకు ఇది చాలా దగ్గర బంధువు.

1866లో రాబర్ట్ వైట్‌హెడ్ అనే బ్రిటిష్ ఇంజనీరు ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ఫియూమె రేవులో స్వయంచాలక టార్పెడోను తయారుచేసిన తరువాత మాట అర్థం క్రమంగా ఇరుకైంది. నీటి కింద తనంతట తాను ప్రయాణించి ఓడను తాకి పేలేదే టార్పెడో అయింది. అయితే పాత అర్థం ఒక్కనాటితో చెరిగిపోలేదు.

టార్పెడో నుండి డిస్ట్రాయర్

వైట్‌హెడ్ టార్పెడో నౌకాదళాల లెక్కలను తారుమారు చేసింది. లక్షల పౌండ్లు పోసి కట్టిన మహానౌకను ఒక చిన్న పడవ చీకటిలో వచ్చి ముంచగల స్థితి ఏర్పడింది. 1876లో బ్రిటన్ 'లైట్నింగ్' అనే టార్పెడో పడవను నిర్మించగా, మిగిలిన దేశాలూ అటువంటి పడవలను పదులకొద్దీ కట్టుకున్నాయి. వాటిని వెంటాడి నాశనం చేయడానికి ఇంకా వేగవంతమైన ఓడ అవసరమైంది. 1893లో నీటికి దిగిన హావక్, డేరింగ్ అనే ఓడలు ఆ అవసరానికి పుట్టినవే. హావక్ బరువు 240 టన్నులు, వేగం గంటకు 26 నాటికల్ మైళ్లు. వీటిని 'టార్పెడో బోట్ డిస్ట్రాయర్లు', అనగా టార్పెడో పడవల విధ్వంసకాలు అన్నారు. పేరు పొడవై నోటికి ఇబ్బంది కావడంతో ముందు మాటలు రాలిపోయి, చివరకు 'డిస్ట్రాయర్' ఒక్కటే మిగిలింది. ఈనాటి వేల టన్నుల డిస్ట్రాయర్లకు ఆ పేరెందుకు వచ్చిందో చాలామందికి తెలియకపోవడానికి కారణం ఈ కత్తిరింపే. తమాషా ఏమంటే, ఈ విధ్వంసక నౌకలు తాము కూడా టార్పెడోలను మోసేవి. కొద్ది సంవత్సరాలలోనే అవి టార్పెడో పడవల పనిని కూడా తామే అందుకొని, వాటిని అనవసరం చేశాయి.

తొలినాటి డిస్ట్రాయర్లు సన్నగా, తక్కువ ఎత్తుతో ఉండేవి. తాబేలు వీపులా గుండ్రంగా ఉన్న ముందు భాగం అలలలో మునిగి, నావికులను నిలువునా తడిపేది. ఈ లోపాన్ని సరిదిద్ది 1903 – 1905 మధ్య బ్రిటన్ నీటికి దింపినవే 'రివర్' తరగతి డిస్ట్రాయర్లు. డెర్వెంట్, రిబుల్, అస్క్, కోన్, చెల్మర్ అంటూ బ్రిటిష్ నదుల పేర్లే వీటికి పెట్టారు. ముందు భాగాన్ని ఎత్తు చేసి కట్టిన ఈ ఓడలు సుమారు 550 టన్నుల బరువు, గంటకు 25.5 నాటికల్ మైళ్ల వేగం కలవి. కాగితం మీద పాతవాటికంటే వేగం తగ్గింది. కాని పోటెత్తిన సముద్రంలో ఆ వేగాన్ని నిలబెట్టుకోగలిగినవి ఇవే. ప్రశాంత జలాలలో సాధించిన పరీక్షా వేగానికీ యుద్ధంలో పనికివచ్చే వేగానికీ గల తేడా ఈ తరగతితోనే నౌకా నిర్మాతలకు బాగా తెలిసివచ్చింది.

ఒకే రేవు, రెండు పాఠాలు

1904 ఫిబ్రవరి 8 రాత్రి జపాను డిస్ట్రాయర్లు పది, రష్యా అధీనంలోని పోర్ట్ ఆర్థర్ రేవు మీద యుద్ధ ప్రకటనకు ముందే విరుచుకుపడ్డాయి. అవి వదిలిన 16 టార్పెడోలలో మూడు మాత్రమే గురి తగిలాయి. ఆ మూడే రెత్విజాన్, త్సెసారెవిచ్ అనే రెండు మహానౌకలనూ, పల్లాడా అనే క్రూజరునూ దెబ్బతీశాయి. లోకమంతా ఈ వార్తను ఆశ్చర్యంతో చదివింది. ఆసియా దేశమొకటి ఐరోపా సామ్రాజ్యాన్ని ఎదిరించి నిలవడం భారతీయులకు ఎంతటి ఉత్సాహాన్నిచ్చిందో ఆనాటి పత్రికలే సాక్ష్యం.

అయితే పోర్ట్ ఆర్థర్ కథ సముద్రం మీద ముగియలేదు. రేవు చుట్టూ ఉన్న కొండలపై రష్యన్లు కోటలు, కందకాలు, ముళ్లతీగల వరుసలు ఏర్పరచారు. నెలల తరబడి సాగిన ముట్టడిలో ఆ తీగల ముందు, మరఫిరంగుల ఎదుట జపాను పదాతిదళాలు వేల సంఖ్యలో కూలిపోయాయి. 1905 జనవరి 2న కోట లొంగింది. పశువులు పొలం దాటకుండా అమెరికా రైతుల కోసం 1874లో జోసెఫ్ గ్లిడెన్ పేటెంటు పొందిన ముళ్లతీగ, మనుషులను తుపాకుల ఎదుట ఆపి ఉంచే సాధనంగా మారింది. దక్షిణాఫ్రికాలో బోయర్లతో జరిగిన యుద్ధంలోనూ బ్రిటిష్‌వారు దీనిని విస్తారంగా వాడారు. ఇకమీదట యుద్ధమంటూ వస్తే తీగను ఎలా దాటాలన్నదే సైనిక ఇంజనీర్ల ముందున్న ప్రశ్న అయింది.

ఒకే యుద్ధం నౌకాదళాలకు డిస్ట్రాయర్ విలువనూ, పదాతి దళాలకు తీగ భయాన్నీ నేర్పింది. బెంగుళూరు ప్రయోగం ఆ రెండవ పాఠం నుండి వచ్చింది. దాని పేరు మాత్రం మొదటి పాఠానికి చెందిన మాటతో కలిసింది.

బెంగుళూరు దండులో

1809లో ఏర్పడిన బెంగుళూరు దండు ప్రాంతం, మైసూరు రాజ్యం నడుమ ఉన్నా 1947 వరకు బ్రిటిష్ పాలనలోనే ఉండేది. అలసూరు చెరువు పరిసరాలలో మద్రాసు శాపర్ల స్థావరం ఉన్నది. శాపర్లు అనగా కందకాలు తవ్వడం, వంతెనలు కట్టడం, కోటగోడలు పడగొట్టడం వంటి పనులు చేసే సైనిక ఇంజనీర్లు. 1780లో పయొనీర్ల పేరుతో ఏర్పడిన ఈ దళంలో తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు కలిసి పనిచేశారు. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ గోదావరి ఆనకట్ట కట్టించినప్పుడు ఆ పనిలో మద్రాసు శాపర్లకూ పాత్ర ఉన్నది. గోదావరి డెల్టా పొలాలకు నీరిచ్చిన చేతులూ, కంచెలను పేల్చే గొట్టాన్ని పరీక్షించిన చేతులూ ఒకే దళానివి.

మెక్‌లింటాక్ ఆలోచన సరళమైనది. పేలుడు మందు నింపిన లోహపు గొట్టాలను సుమారు అయిదడుగుల ముక్కలుగా తయారుచేయాలి. కంచె ఎంత లోతుంటే అన్ని ముక్కలను ఒకదాని వెనుక ఒకటి బిగిస్తూ, నేలకు ఆనించి కంచె కిందికి నెట్టాలి. తీగకు తగులుకోకుండా కొనకు నున్నటి మొన ఉంటుంది. పేలినప్పుడు గొట్టం పొడవునా తీగలూ గుంజలూ తెగి, మనుషులు వరుసగా పరుగెత్తడానికి చాలినంత సందు ఏర్పడుతుంది. మందుపాతరలున్న నేలలోనూ ఇదే పద్ధతిలో దారి చేయవచ్చు. ముక్కలుగా ఉండడం వల్ల సైనికులు తలా ఒకటి మోసుకొనిపోగలగడం దీని ముఖ్య సౌకర్యం.

ఆవిష్కర్తగా కెప్టెను పేరు చరిత్రకెక్కింది. గొట్టాలు మోసి, నెట్టి, పరీక్షించిన శాపర్ల పేర్లు ఎక్కలేదు. ఇది ఈ ఒక్క ఆయుధానికే ప్రత్యేకమైన అన్యాయమేమీ కాదు. అయినా, ఆవిష్కరణ కథ చెప్పేటప్పుడు దళం పేరైనా కలిపి చెప్పడం న్యాయం.

మహాయుద్ధంలో

రెండేళ్లు గడిచేసరికి యుద్ధం రానే వచ్చింది. దక్షిణాదికి దాని సెగ మొదట సముద్రం మీది నుండే తగిలింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ క్రూజర్ ఎండెన్ మద్రాసు రేవులోని చమురు తొట్లపై గుండ్లు కురిపించింది. అదే ఓడ అక్టోబరు 28న పినాంగ్ రేవులో రష్యా క్రూజర్ జెమ్‌చుగ్‌ను టార్పెడోలతో ముంచి, బయటికి వస్తూ ఫ్రెంచి డిస్ట్రాయర్ మూస్కేను ఫిరంగులతో ముంచింది.

ఐరోపా నేలమీద మాత్రం తీగదే రాజ్యం. ఫిరంగి గుండ్లతో తీగను తెంచవచ్చునని సేనాపతులు నమ్మారు. 1916 జులై 1న సోమ్ నది దగ్గర ఆ నమ్మకం ఏమైందో ప్రపంచమంతటికీ తెలుసు. వారం రోజుల గుండ్లవాన తరువాత కూడా చాలాచోట్ల తీగ తెగలేదు. ఆ ఒక్కరోజే బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది గాయపడడమో, చనిపోవడమో, జాడలేకుండా పోవడమో జరిగింది. చనిపోయినవారే 19,240 మంది. బెంగుళూరు గొట్టం ఇంతటి యుద్ధరంగానికి పరిష్కారం కాలేదు. పగటి వెలుతురులో, మరఫిరంగి ఎదుట, మైళ్ల పొడవు కంచె వరకు పాకుతూ వెళ్లి గొట్టం నెట్టడం ఎందరికి సాధ్యం? రాత్రివేళ చిన్న జట్లు శత్రువు కందకంపై చేసే దాడులలో మాత్రం ఇది బాగా పనికివచ్చింది. పెద్ద దాడులలో తీగ సమస్యకు సమాధానం 1917 నవంబరులో కాంబ్రే వద్ద వందలాదిగా కదిలిన ట్యాంకుల నుండి వచ్చింది.

ఇదే యుద్ధంలో రివర్ తరగతి డిస్ట్రాయర్లు తాము పుట్టిన పనికి దూరంగా వెళ్లిపోయాయి. 1915 ఏప్రిల్ 25న గలిపోలి ద్వీపకల్పంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళాలను ఒడ్డుకు చేర్చిన ఓడలలో రిబుల్, అస్క్, చెల్మర్, కోన్ ఉన్నాయి. ఆ తరువాత కోన్ చేసిన ఒక ఉపాయం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ప్రతి రాత్రి ఒకే వేళకు అది తీరానికి వచ్చి, ఒక తుర్కీ కాపలా స్థావరంపై దీపకాంతి ప్రసరింపజేసి గుండ్లు కురిపించేది. తుర్కీ సైనికులు ఆ వేళకు చోటు ఖాళీ చేసి లోపలికి జరగడం అలవాటు చేసుకున్నారు. ఆగస్టు 6 రాత్రి ఆ వెలుగు చాటున, చప్పుడు మాటున న్యూజిలాండ్ సైనికులు నిశ్శబ్దంగా దగ్గరకు చేరి, దీపం ఆరగానే స్థావరాన్ని పట్టుకున్నారు. టార్పెడో పడవలను వేటాడటానికి కట్టిన ఓడ, నేలమీది సైనికుడికి దారి చూపే పనిలో పడింది.

ఒమాహా తీరం

రెండవ ప్రపంచయుద్ధంలో డిస్ట్రాయరూ బ్యాంగలోర్ టార్పెడో ఒకే తీరంలో, ఒకే ఉదయం పనిచేశాయి. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో, ఒమాహా అని పేరుపెట్టిన ఇసుక మీద దిగిన అమెరికన్ సైనికులు, గుట్టల మీది జర్మన్ కాల్పులకు కదలలేక కూలిపోసాగారు. మందుపాతరలూ తీగలూ ముందు, సముద్రం వెనుక. చాలా ట్యాంకులు నీటిపాలయ్యాయి. అప్పుడు అమెరికన్ డిస్ట్రాయర్లు, అడుగు నేలకు తగిలే ప్రమాదాన్ని లెక్కచేయక, ఒడ్డుకు కిలోమీటరు లోపు దూరం వరకు వచ్చి, జర్మన్ ఫిరంగి స్థావరాలపై సూటిగా కాల్పులు జరిపాయి.

ఆ డిస్ట్రాయర్ల గుండ్లు గుట్టలపై పడ్డాయి. తీగను తెంచవలసింది మాత్రం మనుషులే. అమెరికన్ సైన్యపు అధికారిక చరిత్రలో నమోదైన ఒక ఘటన ఇది. 116వ పదాతి రెజిమెంటుకు చెందిన ఇంగ్రామ్ లాంబర్ట్ అనే సైనికుడు తీరపు గోడ దూకి, రోడ్డు దాటి, దట్టమైన తీగ కింద బ్యాంగలోర్ టార్పెడోను అమర్చాడు. నిప్పంటించే సాధనం పనిచేయలేదు. మరఫిరంగి గుండ్లు తగిలి అతడక్కడే చనిపోయాడు. అతడి నాయకుడు లెఫ్టినెంట్ స్టాన్లీ ష్వార్ట్జ్ అదే దారిన వెళ్లి సాధనాన్ని సరిచేశాడు. పేలుడుతో కంచెలో పెద్ద సందు పడింది. దాని గుండా పోబోయిన మొదటి మనిషీ గుండు తగిలి పడిపోయాడు. తరువాతివారు దాటారు.

అంతకు రెండేళ్ల ముందు, 1942 ఆగస్టు 19న దియెప్ రేవుపై జరిగిన విఫల దాడిలో కెనడా సైనికులూ ఈ గొట్టాలను మోసుకొని వెళ్లారు. అమెరికన్ సైన్యం దీనికి ఎం1ఎ1 అని సంఖ్య ఇచ్చింది. సైనికుల నోట మాత్రం అది క్లుప్తంగా 'బ్యాంగలోర్' అయిపోయింది. 1998లో వచ్చిన 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' చిత్రంలో, ఒమాహా తీరపు దృశ్యంలో సైనికులు బ్యాంగలోర్ల కోసం కేకలు వేయడం విని, మన ఊరి పేరు ఇక్కడెందుకు వినిపించిందని ఆశ్చర్యపోయిన బెంగుళూరు ప్రేక్షకులు తక్కువేమీ కారు.

ఇదే పద్ధతిని ఇతరులూ వాడుకున్నారు. 1932 ఫిబ్రవరిలో షాంఘై వద్ద ముగ్గురు జపాను సైనికులు, మందు నింపిన పొడవైన వెదురు గొట్టాన్ని మోసుకుంటూ చైనా సైనికుల తీగ మీదికి పరుగెత్తి, పేలుడులో మరణించారు. వారిని జపాను ప్రభుత్వం, పత్రికలు వీరులుగా కీర్తించి పాటలు కట్టించాయి. వియత్నాం యుద్ధంలో అమెరికన్ స్థావరాల కంచెలను ఛేదించడానికి గెరిల్లాలు కూడా వెదురు గొట్టాలనే ఆశ్రయించారు. ఫ్యాక్టరీలో తయారైనా, వెదురుతో చేసినా, గొట్టాన్ని మోసేవాడి పరిస్థితిలో మార్పేమీ లేదు. ఆ కారణం చేతనే, రాకెట్టు సాయంతో మందు తాడును కంచె మీదికి విసిరే సాధనాలు తరువాత వచ్చాయి. అయినా, ఖర్చు తక్కువ కావడం వల్లా, మోయడం సులభం కావడం వల్లా పాత గొట్టం సైన్యాల నుండి పూర్తిగా తొలగిపోలేదు.

పేరు సంగతి

నీటిలో నడిచే అసలు టార్పెడోకు మన దేశంలో చిరునామా విశాఖపట్నం. అక్కడి నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల రూపొందించిన వరుణాస్త్ర 2016లో నౌకాదళానికి చేరింది. భారత్ డైనమిక్స్ సంస్థ దానిని ఉత్పత్తి చేస్తుంది. తెలుగు పత్రికలలో టార్పెడో అన్న మాట కనిపిస్తే చాలావరకు దాని గురించే. బెంగుళూరు టార్పెడోను దానితో కలిపి చెప్పడం తగదు.

2014 నవంబరు 1 నుండి నగరం పేరు ఆంగ్లంలో కూడా అధికారికంగా 'బెంగళూరు' అయింది. కన్నడిగులకు, తెలుగువారికి ఈ మార్పుతో పనిలేదు. మనం ఎన్నడూ బ్యాంగలోర్ అని పిలవలేదు. దండు ప్రాంతపు దొరలు పలికిన ఆ పాత పేరు రైల్వే బోర్డుల నుండీ, ప్రభుత్వ పత్రాల నుండీ తొలగింది. సైనిక ఇంజనీర్ల పాఠ్యపుస్తకాలలో, అయిదడుగుల గొట్టం పక్కన మాత్రం అది అలాగే ఉన్నది.